వారానికో సూది, బావ చేతి తూకం

నిశ్చయంగా తెలిసినవి ముందు రాస్తాను. మా అక్కకు అప్పుడు యాభై నాలుగేళ్లు. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఆ ఏడు వానాకాలం మొదట్లో, సూర్యాపేటలో డాక్టరు గదిలోని తూకం మీద చెప్పులు విడిచి నిలబడితే ఎనభై ఏడు కిలోలు చూపించింది. దించి మళ్లీ ఎక్కించాను, అంతే చూపించింది. బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు ఉంది. అది హెర్నియా. వారానికి ఒకసారి పొట్ట చర్మం కింద వేసుకునే సూదిమందు ఆమెకు రాశారు. ఇవన్నీ నేను చూసినవి, లేదా కాగితం మీద ఉన్నవి.

విన్నవి వేరు. ఆ మందు ఎడారి బల్లి ఉమ్ముతో చేస్తారని అక్క వాళ్ల ఊళ్లో ఒకామె చెప్పింది. వేసుకుంటే ఇక జన్మలో ఆకలి కాదని ఇంకొకామె చెప్పింది. అది ఇన్సులినేనని, పేరు మార్చి ఇస్తున్నారని మూడో ఆమె చెప్పింది. ముఖం పీక్కుపోయి మనిషిని గుర్తుపట్టలేమని అందరూ చెప్పారు. బల్లి మాటను కొట్టిపారేయబోయి, అలవాటు కొద్దీ వెతికి చూశాను. సగం నిజం. ఈ జాతి మందుల్లో మొదట వచ్చినదానికి ఆధారం నిజంగానే ఒక ఎడారి బల్లి విషపు లాలాజలంలో దొరికింది. అయితే బల్లులను పట్టి పిండి ఆ మందు చేయలేదు, ప్రయోగశాలలో తయారుచేశారు. పైగా అక్కకు రాసినది అది కాదు. ఇదంతా ఊళ్లో వివరించి చెబితే, "అంటే బల్లి ఉన్నట్టే గదా" అన్నారు. పూర్తి అబద్ధాన్ని కాదనడం తేలిక. సగం నిజాన్ని కాదనబోతే ఆ సగమే వాళ్లకు సాక్ష్యమవుతుంది.

నేను మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టును. కోదాడలో కిరాయికి ఉంటాను. లారీలో వచ్చిన సున్నపురాయిలో ఏముందో పరీక్షించి చెప్పడం నా పని. మా వాళ్లది తరాలుగా జీవాలు కాసే కుటుంబం. చదువు దారిన బయటికొచ్చింది నేనొక్కదాన్నే. అక్కాబావలు ఆత్మకూర్ (ఎస్) దగ్గరి ఊళ్లో నూట ఇరవై గొర్రెలతో ఉంటారు.

ఆ మందను మేపేది బావ. ఈనే కాలంలో నడిపేది అక్క. కడుపులో పిల్ల అడ్డం తిరిగితే లోపలికి చేయి పెట్టి, కాళ్లు వెతికి పట్టుకుని, సరిచేసి బయటికి తీయడం ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కదానికే వచ్చు. చేయి చిన్నది, వేళ్లు పొడుగు. కానీ ఆ పని మోకాళ్ల మీద కూర్చుని, పొట్ట బిగబట్టి చేయాల్సింది. హెర్నియాతో అలా చేస్తే పేగు ఇరుక్కుంటుందని మిర్యాలగూడలో సర్జన్ గట్టిగా చెప్పారు. ఆపరేషన్ చేస్తే బాగవుతుంది. అయితే ఈ షుగరుతో, ఈ బరువుతో చేస్తే పుండు మానదు, ఉబ్బు మళ్లీ తోసుకురాకుండా లోపల వేసే వల నిలవదు. "రెండూ దించుకోండి, దీపావళి దాటాక రండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

గొర్రెలు ఈనేది శివరాత్రికి కాస్త ముందు. తిరుగు ప్రయాణంలో, బస్సు కిటికీ లోంచి చూస్తూ బావ నెమ్మదిగా అన్నాడు: "ఈ ఈతకు నీ చెయ్యి లేకుంటే నాతోని కాదు. ఒక్కన్ని ఏం జెయ్యాలె. మంద సక్కగ ఉన్నప్పుడే అమ్మేద్దాం."

 మందలో సగానికి పైగా అక్క చేతుల్లోకి పుట్టినవే. దీపావళికల్లా షుగరూ బరువూ దిగితే మంద ఉంటుంది, లేకపోతే పోతుంది. ఆ వానాకాలం మా ముగ్గురి ముందూ ఉన్న లెక్క అంతే.

*

సూర్యాపేటలో షుగరు చూసే డాక్టరమ్మ నాకు మొదటి రోజే నచ్చింది. ఎంత తగ్గుతానని అక్క అడిగితే ఆమె అంకె చెప్పలేదు.

"మనిషి మనిషికి తేడా ఉంటదమ్మా. తగ్గుతారు. ఎంతో తూకమే చెప్తది."

"ఇది ఇన్సులినా మేడం?"

"కాదు. మనం తిన్నప్పుడు పేగులోంచి ఒక హార్మోను బయల్దేరుతది. తిండి వచ్చిందని ఒంటికి కబురు చేస్తది. ఆ కబురు అందితే క్లోమం ఇన్సులిన్ వదులుతది, కడుపు నిదానంగా ఖాళీ అయితది, ఇగ చాలని మెదడు అంటది."

"మరి నాకు ఆ కబురు పోతలేదా?"

"పోతది. కానీ ఆ హార్మోను ఒంట్లో నిమిషాల మీద కరిగిపోతది. ఈ మందును దాని పోలికలోనే చేసిన్రు. వారం దాకా కరగదు."

నేను కల్పించుకుని, అలసిపోయిన క్లోమాన్ని వారమంతా కొరడాతో కొట్టినట్టు కాదా అని అడిగాను. ఆమె నావైపు కాసేపు చూసి, ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. "అనుకున్నా" అని, జవాబిచ్చింది. రక్తంలో షుగరు ఎక్కువగా ఉన్నప్పుడే ఈ మందు క్లోమాన్ని కదిలిస్తుంది, తగ్గాక ఊరుకుంటుంది. అక్క ఎప్పటి నుంచో వేసుకుంటున్న పాత గోళి అలా కాదు. షుగరు ఎంత ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను నెడుతూనే ఉంటుంది. అందుకే ఆ గోళిని సగం చేసింది. గోళి వేసుకుని తినకుండా మాత్రం ఉండొద్దని రెండుసార్లు చెప్పింది.

ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, ఎప్పుడైనా క్లోమం వాచిందా అని అడిగింది. కంటి వెనుక పొర పరీక్ష చేయించుకు రమ్మంది. వికారం ఉంటుందని, మలబద్ధకం రావచ్చని, కడుపునొప్పి తీవ్రమై వెన్నులోకి పాకితే ఆగకుండా దవాఖానకు రావాలని చెప్పింది. అన్నీ రాసుకున్నాను. ఇవన్నీ విన్నది అక్కా నేనూ. బావ అప్పుడు బయట చాయ్ తాగుతున్నాడు. ఆ చాయ్ సంగతి ఎందుకు రాస్తున్నానో ముందుముందు తెలుస్తుంది.

సూది వేసే పని బావే అందుకున్నాడు. ఏటా టీకాల కాలంలో నూట ఇరవై జీవాలకు ముందరి కాలు వెనక చర్మాన్ని వేళ్లతో గుడారంలా లేపి, దాని కిందికి మందు ఎక్కించే మనిషి. అక్కకు వేయాల్సింది కూడా సరిగ్గా అలాగే, చర్మం కిందికే. మొదటి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెన్నులా ఉండే ఆ సూదిమందును చేతిలోకి తీసుకుని, సూది మొన చూసి నిరాశపడ్డాడు.

"గింతేనా? దీనికన్న దోమ నయం."

"నువ్వు గొర్రెను పట్టినట్టు కాళ్ల నడుమ ఇరికిచ్చుకోకు నన్ను," అంది అక్క.

"నువ్వు గొర్రె లెక్క సక్కగ నిలబడు మరి. అవి గిన్ని మాటలు మాట్లాడవు."

"సూది ప్రతిసారీ కొత్తది బావా," అన్నాను నేను.

"ఎరుకే మరదలా. మా పశువుల డాక్టరు గూడ గదే మొత్తుకుంటడు."

"మరి వింటవా?"

"ఆయన ఉన్నంతసేపు వింట."

అక్కకు సూది పడ్డట్టే తెలియలేదు. ఇంకా వెయ్యవేంది అని అడిగింది. బావ అప్పటికే మూత పెడుతున్నాడు. ఆ పనితనాన్ని మెచ్చుకున్నాను. నాకు దొరికిన ఆధారం ఆ మేరకే, కాబట్టి అంతవరకే మెచ్చుకున్నాను.

*

మూడో ఆదివారం కోదాడ నుంచి బయల్దేరి, పదకొండు గంటల వేళ ఊరు చేరాను. అక్క దొడ్డి గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. మబ్బు పట్టిన చల్లని పూట. అయినా మెడ నిండా చెమట. "వచ్చినవా చెల్లె" అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో దారి తప్పినట్టుంది. చేతులు వణుకుతున్నాయి. మీటరు తెచ్చి వేలికి గుచ్చాను. యాభై ఎనిమిది. గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించాను. పావుగంట ఆగి మళ్లీ చూస్తే తొంభై దాటింది. ఆ తర్వాత రెండు ఇడ్లీలు తినిపించి, విచారణ మొదలుపెట్టాను.

"పొద్దుగాల ఏం తిన్నవక్కా?"

"ఏం తినలే. నిన్న పొద్దుమీకి తిన్నదే."

"గోళి వేసుకున్నవా?"

"ఏసుకున్న."

"తినకుండా ఎందుకున్నవు?"

అక్క బావ వైపు చూసింది. బావ గొర్రెల వైపు చూశాడు. అవి ఎటూ చూడలేదు.

"పోయిన వారం తిని సూది ఏసుకుంటే కడుపుల తిప్పిందన్నది," అన్నాడు బావ చివరికి. "నాకు అప్పుడు యాదికొచ్చింది. కడుపుల పురుగులకు నట్టల మందు పోసేనాడు జీవాలకు మేత పెడ్తమా? పరిగడుపున పోస్తేనే మందు లోపల పట్టుకుంటది. పోసినంక గూడ మూడు గంటలు మేతకు ఇడువం."

"అక్కకు నట్టలు లేవు బావా."

"షుగరున్నది గదా. సంపేదానికి ఏదో ఒకటి ఉన్నది గదా లోపల."

నాకు కోపం రావాల్సింది. కానీ ఆ మాటలో తర్కం ఎంత శ్రద్ధగా ఉందంటే, కోపం నిలవలేదు. తర్వాత పశువుల డాక్టరును అడిగితే, కొన్ని రకాల నట్టల మందుకు పరిగడుపు నియమం సరైనదేనన్నారు. కాబట్టి బావ నియమంలో తప్పు లేదు. జీవం మారింది, అంతే. ఇంకో సంగతి కూడా గమనించాను. మామూలు రోజుల్లో అక్క పూట భోజనం మానే మనిషి కాదు. ఉపవాసం ఉండమంటే ఊరు లేపేది. ఈసారి ఎందుకు ఊరుకుందని అడిగితే, "ఆకలి అయితలేదు గదనే. ఉండమన్నడు, ఉన్న" అంది. అంటే మందు పనిచేసింది కాబట్టే పొరపాటు అంత సులువుగా జరిగింది. షుగరును పడగొట్టింది మాత్రం ఖాళీ కడుపు మీద పడిన పాత గోళి.

డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆమె పాత గోళిని పూర్తిగా ఆపేసి, ఫోను బావకు ఇవ్వమంది. అటు మాట నాకు వినపడలేదు. ఇటు వైపు విన్నది ఇది:

"ఆఁ మేడం. కాదు మేడం, డాక్టర్ను గాదు, కాపరిని. ఆఁ. తిన్నంకనే. కొంచెం కొంచెం తినాలె. ఆఁ. ఇగ నట్టల మాట ఎత్త మేడం."

ఫోను పెట్టేసి నా చేతికిచ్చాడు. తర్వాత, "జీవాలకైతే నోరు లేదు, మనమే సూసుకోవాలె. దీనికి నోరున్నది గదా అనుకున్న" అన్నాడు.

"నోరున్నది," అంది అక్క. "ఆకలైతేనే తెరుస్తది."

*

తర్వాతి నెలల గురించి రాయడానికి తక్కువే ఉంది, ఎందుకంటే మందు తన పని తాను చేసుకుపోయింది. నెలకోసారి డాక్టరమ్మ మోతాదు కాస్త పెంచేది. పెంచిన వారం అక్కకు త్రేన్పులు, వికారం. ఆ పైవారం నెమ్మదించేవి. ఆమె కంచంలో అన్నం మిగలడం నేను పుట్టాక చూడలేదు, అప్పుడు చూశాను. మాడుగులపల్లిలో బంధువుల ఇంట ఒక ఫంక్షన్లో మాంసం కూర రెండు ముక్కలతో ఆపితే, ఆ ఇంటావిడ మొహం మాడ్చుకుని, "మా కూర మంచిగ లేదా వదినా" అని అడిగింది. "మంచిగున్నది. నా కడుపే మారింది" అని అక్క ఎంత చెప్పినా నమ్మలేదు. ఇంకో రెండు ముక్కలు మూటగట్టి పంపింది. అవి బావ తిన్నాడు.

కోదాడలో మా ఇంటి ఓనరమ్మ ఒకరోజు మెట్ల దగ్గర ఆపింది.

"ఏమండీ, మీ అక్కగారు బాగా సన్నబడ్డారటగా. ఆ ఇంజెక్షన్ ఒకటి మా అమ్మాయికి కూడా తెచ్చిపెడుదురూ. పెళ్లి ఫోటోల్లో బాగుండాలని."

"అమ్మాయి బరువెంతండీ?"

"యాభై ఆరు."

"దానికి మందు ఫోటోగ్రాఫర్ దగ్గర ఉంటుందండీ, డాక్టర్ దగ్గర కాదు."

ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, కాళ్లు తిమ్మిరెక్కడం కూడా షుగరేనా అని గొంతు తగ్గించి అడిగింది. కావచ్చు, కాకపోవచ్చు, రక్తం ఇస్తేనే తెలుస్తుందన్నాను. మర్నాడే వెళ్లి ఇచ్చి వచ్చింది.

దసరా నాటికి అక్క బరువు ఎనభై. మూడు నెలల సగటు చెప్పే షుగరు పరీక్ష మొదట తొమ్మిదిన్నర దాకా ఉండేది, ఎనిమిది కిందికి వచ్చింది. బస్సులో ఇద్దరు కూర్చునే సీటులో నేనూ అక్కా సుఖంగా పట్టడం మొదలైంది. ఆపరేషన్ దక్కేటట్టే ఉంది. అప్పుడు బావ ఇంకో మాట అన్నాడు.

తొట్లో నీళ్లు పోయడానికి అక్క వంగింది. వెనకే వస్తున్న బావ, సంతలో పొట్టేలును చూసినట్టు, ఆమె నడుము పైన వెన్నుకు రెండు పక్కలా బొటనవేలూ వేళ్లూ పెట్టి నొక్కి చూశాడు. అక్క చేతి మీద కొట్టింది.

"చెల్లె ముందట ఏం పనయ్యా ఇది."

బావ నవ్వలేదు. "ఏమే, నీకు వెన్ను తేలింది. పొయ్యేది కొవ్వు గాదు, మాంసం."

"చేత్తో ఎట్ల చెప్తవు బావా?" అన్నాను.

"నలభై ఏండ్ల సంది గిదే పని నాకు."

"నలభై ఏళ్లు ఒకటే తప్పు చేసినా దాన్ని అనుభవమనే అంటరు."

"అయితే పరీక్ష పెట్టు. నీకు అదే గదా పని."

పెట్టాను. పది గొర్రెలను నేనే ఎంచాను. బావ కళ్లకు తువ్వాల కట్టాలని అక్క పట్టుబట్టింది, అది మంచి సూచన. ఒక్కొక్క జీవాన్ని ఆయన ముందు నిలబెడితే, నడుము నొక్కి బరువు చెప్పాలి. నేను ముందు ఆ అంకె రాసుకుని, ఆ తర్వాతే గొర్రెను గుడ్డ ఉయ్యాలలో పెట్టి, దూలానికి వేలాడదీసిన స్ప్రింగు కాటాకు తగిలించాలి. పదింట ఎనిమిది గొర్రెల బరువు కిలోన్నర తేడా లోపలే వచ్చింది. తప్పిన రెండింటిలో ఒకటి కడుపుతో ఉన్నది, ఇంకొకటి అప్పుడే కడుపు నిండా నీళ్లు తాగి వచ్చింది. నేను మెచ్చుకోక తప్పలేదు. అయితే ఆయన చేయి గొర్రె బరువు చెప్పగలదని తేలింది కానీ, కొవ్వునూ కండనూ వేరుచేసి చెప్పగలదని తేలలేదు. ఆ మాట అన్నాను.

"అది తేలాల్నంటే కొయ్యాలె," అన్నాడు బావ తువ్వాల విప్పుతూ.

"ఎవరిని కోస్తవు? నన్నా?" అంది అక్క.

కోదాడ తిరిగొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. చదివి చూస్తే, ఏ దారిన బరువు వేగంగా తగ్గినా పోయేది కొవ్వు ఒక్కటే కాదని, దానితో కొంత కండ కూడా పోతుందని, ఈ మందుతోనూ అంతేనని ఉంది. కాబట్టి బావ మాట జరగని మాట కాదు. ఇక్కడ అది జరిగిందా అన్నదే ప్రశ్న. ఆ నెల బావను కూడా వెంటపెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నడుము నొక్కిన సంగతి నేను మొహమాటంగా చెప్పాను. ఆమె నవ్వలేదు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమంది. అక్క మూడుసార్లు లేచింది. నాలుగోసారి చేయి ఊతం పట్టుకుంది.

"ఏం తింటున్నరమ్మా?"

"గింతంత అన్నం, చారు. దాంతోనే కడుపు నిండుతది."

"పప్పు? గుడ్డు?"

"అన్నం తిన్నంక జాగ ఉంటలేదు మేడం."

డాక్టరమ్మ బావ వైపు తిరిగింది. "గొర్రెల మంద ఉన్న ఇంట్లో మనిషికి మాంసం తక్కువైందంటే ఎవరన్నా నమ్ముతరా?"

"నేను జెప్పిన మేడం. ఈ సైంటిస్టే నమ్మలే," అన్నాడు నన్ను చూపించి.

మూత్రపిండాల పరీక్ష చేయించి, అది బాగుందని చూశాక డాక్టరమ్మ తిండి వరుస మార్చింది. ఉన్న కాస్త ఆకలినీ ముందు గుడ్డుకూ పప్పుకూ పెరుగుకూ మాంసానికీ ఇవ్వాలి, అన్నం చివర. మోతాదు ఆ నెల పెంచలేదు. పొట్ట మీద భారం పడకుండా కుర్చీలో కూర్చుని లేచే వ్యాయామం రోజూ చేయాలి, పూటకు పదిసార్లు. తిరుగు బస్సులో సూర్యాపేట నుంచి ఊరి మలుపు దాకా బావ తన చేతిని మాటిమాటికీ చూసుకున్నాడు.

వ్యాయామాన్ని లెక్కించే బాధ్యత కూడా ఆయనే తీసుకున్నాడు. మంద దొడ్డికి చేరే వేళ గుమ్మం దగ్గర కుర్చీ వేసి, గొర్రెల వెంటే అక్కనూ లెక్కపెట్టేవాడు. వారం తర్వాత అక్క ఫోను చేసి తొడలు పట్టేశాయని మొత్తుకుంది. పదిసార్లకు అంత నొప్పేమిటని ఆదివారం వెళ్లి పక్కన నిలబడి చూశాను. బావ గొర్రెలను జతలుగా లెక్కపెడతాడు. రెండు దాటితే ఒకటి. అక్క రెండుసార్లు లేస్తే ఆయన ఒకటి అంటున్నాడు.

"బావా, ఇరవై చేయిస్తున్నవు."

"ఇరవయ్యా? పది జతలు గదా."

అక్క కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, చెప్పు తీసింది. ఆ లేవడాన్ని నేను ప్రత్యేకంగా గమనించాను.

*

దీపావళి దాటిన రెండో వారం మిర్యాలగూడ వెళ్లాం. డెబ్బై ఆరు కిలోలు. సగటు షుగరు ఏడుకు కాస్త పైన. సర్జన్ రెండు కాగితాలూ చూసి, పాత కాగితం పక్కన పెట్టి మళ్లీ చూసి, "ఏం చేశారమ్మా" అని అడిగారు.

"సూది నాది, లెక్క ఈయనది, అనుమానం మా చెల్లెది," అంది అక్క.

మత్తు డాక్టరు మాత్రం ఆ సూది గురించే గుచ్చి గుచ్చి అడిగారు. చివరిది ఎప్పుడు వేసుకుంది, మోతాదెంత, ఇంకా వికారం ఉందా. కడుపు నిదానంగా ఖాళీ అయ్యే మనిషికి మత్తు ఇస్తే, లోపల మిగిలినది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉందట. ఆ వారం సూది ఆపించారు. ముందు రోజంతా పల్చటి ద్రవాలే తాగమన్నారు. అడగకపోతే చెప్పాలని నేను రాసి తెచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది. ఈసారి మాత్రం అది అక్కరకు రానందుకు సంతోషించాను.

ఆపరేషన్ గంటన్నర పట్టింది. బావ వరండాలో కూర్చోలేక, వీధి చివరి దాకా వెళ్లి, వడ్ల లారీలు రైస్ మిల్లులోకి మలుపు తిరగడం చూసి, మళ్లీ వచ్చి, మళ్లీ వెళ్లాడు. సర్జన్ బయటికొచ్చి బాగా జరిగిందని చెబితే, "వల గట్టిగ ఉంటదా సారూ, గొర్రెలతోని పని మాకు" అన్నాడు. రెండు నెలలు బరువు ఎత్తనియ్యకుండా ఉంటే అది గట్టిగా ఉంటుందన్నారు. మాధవరం సంతలో ఒక బేరగాడికి బావ మంద సంగతి చెప్పి ఉంచాడట. మర్నాడు ఆసుపత్రి వరండాలోంచే ఆయనకు ఫోను చేసి, ఇగ రావద్దన్నాడు. ఆ సంగతి అక్కకు చెప్పలేదు. నేను చెప్పాను.

పుండు కుదురుగా మానింది. సూది మళ్లీ మొదలైంది. మానేస్తే ఆకలీ, చాలామందికి దానితోపాటు బరువూ తిరిగి వస్తాయని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కాబట్టి మొదట విన్న పుకార్లలో జన్మలో ఆకలి కాదన్న మాట తప్పని కూడా తేలిపోయింది. ఈతలు మొదలయ్యేనాటికి రెండు నెలలూ నిండాయి, సర్జన్ సరేనన్నారు. మొదటి వారం అక్క పక్కన కూర్చుని బావకు చెబుతూ వచ్చింది. రెండో వారంలో ఒక గొర్రెకు పిల్ల అడ్డం తిరిగింది. అక్క గాజులు తీసి నా చేతిలో పెట్టి, మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని, మోకాళ్ల మీద కూర్చుంది. పది నిమిషాలు పట్టింది. పిల్ల తడిసి ముద్దగా బయటికొచ్చి తుమ్మింది. ఇంకొకటి ఉందని అక్క అంది. ఉంది. ఆ ఏడు మంద నూట తొంభై దాటింది.

తేలని ప్రశ్న ఒకటుంది. దసరా నాడు బావ చేతికి తగిలింది ఏమిటి? కండ కరిగిందని ఆయన అంటాడు. కానీ కండ అంగుళం తగ్గకపోయినా, పైనున్న కొవ్వు పొర పలచబడితే ఎముక అలాగే తేలుతుంది. కుర్చీలోంచి మూడుసార్లే లేవడం దానికి సాక్ష్యమని అనుకోవచ్చు. కానీ ఎనభై ఏడు కిలోల అక్క మందుకు ముందు ఎన్నిసార్లు లేవగలిగేదో ఎవరూ చూడలేదు. పప్పూ గుడ్డూ మొదలుపెట్టాక బలం వచ్చింది, నిజమే. కానీ అదే నెలలో ఇరవైసార్లు లేవడం కూడా మొదలైంది. దేనిది ఎంత పాలో చెప్పలేను. కొవ్వునూ కండనూ విడివిడిగా కొలిచే పరీక్షలు ఉన్నాయి. మొదటి సూదికి ముందు ఒకసారి చేయించి ఉంటే జవాబు ఉండేది. షుగరు రాసుకున్నాను, బరువు రెండుసార్లు తూచాను, ఆ ఒక్కటీ అడగాలని నాకు తట్టలేదు. ఆ వానాకాలపు అక్క ఒళ్లు ఇప్పుడు లేదు కాబట్టి, ఇక కొలవడానికీ వీల్లేదు. బావకు మాత్రం ఇందులో ప్రశ్నే కనిపించదు.